విదేశీ కారు - స్వదేశీ సుంకం

ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగారు. రాజుల చరిత్ర రాయడానికి నేను పండితుడిని కాను. రవాణా శాఖలో గుమాస్తాగా చేరి, ఫైళ్ళ మధ్యనే జుట్టు నెరిసినవాడిని. కనుక నా బల్ల మీదుగా నడిచిన విషయమే రాస్తాను. విదేశం నుంచి సొంత వాడకానికి కారు తెచ్చుకోవడం ఒకప్పుడు ఎంత ప్రయాసతో కూడినదో ఈ తరం వారికి తెలియదు.

మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి. బ్రిటనులో 1835లో చట్టమైన ఈ పద్ధతి వారి పాలనతో మనకూ వచ్చింది. ఎడమవైపు నడిచే బండికి స్టీరింగు కుడివైపు ఉండాలి. అప్పుడే ముందున్న లారీని దాటేటప్పుడు ఎదురుగా వచ్చేది డ్రైవరుకు కనిపిస్తుంది. అందుకే ఫోర్డు కంపెనీ కెనడా శాఖ ఆ రోజుల్లోనే బ్రిటిషు వలస దేశాలకు కుడి స్టీరింగు కార్లు చేసి పంపేది. జనరల్ మోటార్స్ వారు 1928లో బొంబాయిలో విడిభాగాలు తెప్పించి బిగించే కర్మాగారం పెట్టారు. సంస్థానాధీశుల సంగతి వేరు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఇప్పటికీ చూడవచ్చు.

స్వాతంత్ర్యం వచ్చాక విదేశీ మారకద్రవ్యం కొరత పట్టుకుంది. 1947 నాటి ఎగుమతి దిగుమతుల నియంత్రణ చట్టం కింద లైసెన్సు లేనిదే ఏదీ తేవడానికి వీలులేదు. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక వచ్చిన తరువాత, ఇక్కడ తయారుచేసే ఉద్దేశం లేని ఫోర్డు, జనరల్ మోటార్స్ కంపెనీలు సర్దుకుని వెళ్ళిపోయాయి. మనకు మిగిలినవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్. డబ్బు కట్టి ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. రాయబార కార్యాలయాల వారు వాడి వదిలిన విదేశీ కార్లను స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ అమ్మేది. అవి సినిమావారికీ, షావుకార్లకూ తప్ప మనబోటివారికి అందేవి కావు. ఇక మిగిలిన దారి ఒక్కటే. విదేశంలో ఉద్యోగం చేసి తిరిగివచ్చేవారు తాము వాడుకున్న కారును తెచ్చుకోవడం.

ఇక్కడ ఏ దేశం నుంచి వస్తున్నారనేది ముఖ్యం. జపాను, బ్రిటను, మలేషియా, సింగపూరు, కెన్యా, టాంజానియా, జాంబియా మనలాగే ఎడమవైపు నడిచే దేశాలు. అక్కడి కారు మన రోడ్డుకు సరిపోతుంది. గల్ఫ్ దేశాలది కుడివైపు నడక. బర్మా 1970లోనూ, నైజీరియా 1972లోనూ కుడివైపుకు మారిపోయాయి. ఎడమ స్టీరింగు బండిని మన చట్టం పూర్తిగా నిషేధించలేదు. 1988 మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను ప్రకారం అటువంటి బండికి సంకేతాలిచ్చే పరికరం పనిచేసే స్థితిలో ఉండాలి. కానీ ఆ బండితో మన రోడ్ల మీద ఓవర్‌టేక్ చేయడమంటే పక్క సీటులో కూర్చున్నవారి మాట నమ్మి ప్రాణం పణంగా పెట్టడమే.

ఇప్పుడు నా తప్పు చెప్పుకోవాలి. మా అక్కా బావగారు జాంబియాలో ఉండేవారు. బావగారు లెక్కల మాస్టారు. 1982లో తిరిగివచ్చేస్తూ నాకు ఉత్తరం రాశారు. "ఏమయ్యా, నువ్వు ఆ శాఖలోనే ఉన్నావు కదా, నా జపాను కారును సామానుతోపాటు తెచ్చుకోవచ్చునా?" అని అడిగారు. నేను మా చట్టం పుస్తకం తీసి చూశాను. కుడి స్టీరింగు, సొంత కారు, కాగితాలు సరిగా ఉన్నాయి. "రిజిస్ట్రేషనుకు ఏ అభ్యంతరమూ లేదు, నిశ్చింతగా తీసుకురండి" అని జవాబు రాశాను. రిజిస్ట్రేషను మా శాఖ పని, సుంకం మరొక శాఖ పని అన్న స్పృహ నాకు కలగలేదు. ఆ ఊరి పుస్తకం తెరవకుండానే ఈ ఊరి పుస్తకం చూసి తీర్పు చెప్పాను.

కారు దారెస్సలాములో ఓడెక్కి బొంబాయిలో దిగింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. 1962 కస్టమ్స్ చట్టం 2(3) సెక్షనులో బ్యాగేజి అన్న మాటకు అర్థం చెబుతూ, అందులో మోటారు వాహనాలు చేరవని స్పష్టంగా రాసి ఉంది. మంచాలూ, గిన్నెలూ, కుట్టుమిషనూ సామాను. కారు సామాను కాదు. దాని పర్మిట్టు వేరు, సుంకం వేరు. ఆ సుంకం కూడా కారు ధర ఒక్కదాని మీద కాదు. ధరకు బీమా, ఓడ కిరాయి కలిపి, ఆ మొత్తం మీద లెక్క. బావగారు కొన్న ధర కంటే సుంకమే ఎక్కువైంది. డబ్బు సమకూర్చుకునే లోపు రేవులో డెమరేజి రోజురోజుకూ పెరిగింది.

తెనాలిలో ఇల్లు కట్టుకుందామని కొనుక్కున్న స్థలం అమ్మి కారు విడిపించారు. పోనీ కారు అమ్మి ఆ డబ్బు రాబట్టుకుందామంటే, కొంతకాలం అమ్మకూడదన్న షరతుతో బాండు రాయించుకున్నారు. విడిభాగాలు దొరకవు. మెకానిక్కు ఏదో ఒకటి సానబట్టి బిగించేవాడు. రిజిస్ట్రేషను మాత్రం నేను చెప్పినట్లే ఏ అభ్యంతరమూ లేకుండా జరిగింది. ఆ రోజు నెంబరు రాసిన కాగితం బావగారి చేతికిస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆయన ఒక్క మాట అనలేదు. అక్క మాత్రం, "నీ పుస్తకంలో సగమే ఉందట్రా తమ్ముడూ" అంది. వాళ్ళు చివరిదాకా అద్దె ఇంట్లోనే ఉన్నారు. బావగారు ఇప్పుడు లేరు.

ఆ తరువాత నా సర్వీసులో ఎవరేమి అడిగినా, "ఇది మా శాఖ వరకు చెప్పే మాట, తక్కిన శాఖ వారిని కూడా అడగండి" అని కలిపి చెప్పడం అలవాటు చేసుకున్నాను. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 47వ నియమం కూడా విదేశీ కారు రిజిస్ట్రేషనుకు కస్టమ్స్ క్లియరెన్సు పత్రం, లైసెన్సు, బాండు ఉంటే అది, జతచేయాలని చెబుతుంది. రెండు పుస్తకాలు కలిసే చోటు అదే.

2001 ఏప్రిల్ 1న దిగుమతులపై పరిమాణ ఆంక్షలు తొలగాయి. కానీ షరతులు వచ్చాయి. వాడిన కారైతే తయారై మూడేళ్ళు దాటరాదు. స్టీరింగు కుడివైపే ఉండాలి. స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే రోడ్లకు తగినట్లుండాలి. దింపుకోవలసిన రేవు ముంబయి ఒక్కటే. వాడిన కారుకు విలువ కట్టేటప్పుడు కొత్తదాని ధరలో మొదటి ఏడాది మూడు నెలలకు 4 శాతం, రెండో ఏడాది 3, మూడో ఏడాది రెండున్నర చొప్పున తగ్గిస్తారు. పాత కారును చవకగా కొన్నామని చూపినంత మాత్రాన సుంకం తగ్గదన్నమాట. 40 వేల డాలర్లు మించిన కొత్త కార్లపై 2013 బడ్జెట్టులో సుంకాన్ని 75 నుంచి 100 శాతానికి పెంచారు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. నేడు మన వీధుల్లోనే అన్ని దేశాల పేర్ల కార్లూ తయారై తిరుగుతున్నాయి. మోసుకురావలసిన అగత్యం చాలావరకు పోయింది.

మనలో చాలామంది పిల్లలు విదేశాల్లో ఉన్నారు. ఎవరైనా తిరిగివస్తూ కారు సంగతి అడిగితే, మన పాత అనుభవం మీద జవాబు చెప్పకండి. ఓడ ఎక్కించకముందే కస్టమ్స్ వారి దగ్గరా, విదేశీ వాణిజ్య డైరెక్టరేటు దగ్గరా ఆనాటికి అమలులో ఉన్న నిబంధన రాతపూర్వకంగా తెలుసుకోమనండి. మనకు తెలిసింది సగమేనని ఒప్పుకోవడం చిన్నతనం కాదు. ఒప్పుకోనందుకు ఖరీదు మాత్రం ఎదుటివారు కడతారు.