పదమూడు పేజీల ఖరీదు

కిందటి సంవత్సరం ఒకరోజు బడి నుంచి వచ్చిన మా పదేళ్ళ అబ్బాయి జేబులో చిల్లర గలగలలాడింది. ఎక్కడిదిరా అని అడిగితే, తాను గీసిన బొమ్మల్ని తోటిపిల్లలకు క్వార్టర్ చొప్పున అమ్మానన్నాడు. "బొమ్మలు అమ్ముకోవటం ఏమిట్రా, ఊరికే ఇవ్వకపోయావా?" అని మందలించాం. పోతనగారు భాగవతాన్ని రాజుకు అంకితం ఇవ్వలేదని వింటూ పెరిగినవాళ్ళం కదా, నోటికి ఆ మాటే వచ్చింది. "మరి మీరు ఆసుపత్రిలో ఊరికే చేస్తున్నారా?" అన్నాడు వాడు. జవాబు చెప్పలేకపోయాం.

ఆ జవాబు కోసం దూరం వెళ్ళనక్కర లేకపోయింది. మేం కాపురం వుంటున్న ఈ క్లీవ్‌లాండ్ నగరంలోనే ఒకప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు ఒక బొమ్మల కథ తయారుచేసి అమ్మారు. ఆ కథానాయకుడి పేరు సూపర్‌మాన్.

రాసినవాడు జెర్రీ సీగల్, గీసినవాడు జో షుస్టర్. ఇద్దరూ 1914లో పుట్టారు. ఇద్దరూ మనలాగే వలస వచ్చిన కుటుంబాల పిల్లలు, యూదులు. జెర్రీ తండ్రి పాతబట్టల దుకాణం నడిపేవాడు. 1932లో ఆ దుకాణంలో దొంగలు పడినప్పుడు కుప్పకూలి చనిపోయాడు. జో తండ్రి దర్జీ. మంచి కాయితం కొనే స్తోమత లేక జో పొట్లాల కాయితాల మీదా, గోడకంటించే కాయితాల వెనక వైపునా బొమ్మలు వేసేవాడు. పైగా చూపు మందం. ముఖం కాయితానికి ఆనించి గీసేవాడు.

గ్లెన్‌విల్ హైస్కూల్లో ఇద్దరూ స్నేహితులయ్యారు. 1932లో జెర్రీ సొంతంగా ఒక చిన్న పత్రిక మొదలుపెట్టాడు. అది మన ఈ పత్రికలాంటిదే, సైక్లోస్టైల్ చేసిన కాయితాలు. 1933 జనవరి సంచికలో సూపర్‌మాన్ అన్న పేరు మొదటిసారి కనిపించింది. విచిత్రమేమిటంటే ఆ కథలో అతను దుర్మార్గుడు. తర్వాత కుర్రాళ్ళు ఆ పేరు వుంచి మనిషిని మార్చారు, బలహీనుల పక్షాన నిలిచే వీరుణ్ణి చేశారు. ఆ బొమ్మలు పట్టుకుని పత్రికలకు బొమ్మల కథలు సరఫరాచేసే సంస్థల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. అందరూ కాదన్నారు.

చివరికి 1938లో న్యూయార్క్‌లోని డిటెక్టివ్ కామిక్స్ కంపెనీ సరేనంది. పదమూడు పేజీలు, పేజీకి 10 డాలర్లు, మొత్తం 130 డాలర్లు. ఆ మార్చిలో వాళ్ళు సంతకం పెట్టిన కాయితం ప్రకారం, ఆ కథనూ పాత్రలనూ వాడుకునే హక్కు శాశ్వతంగా కంపెనీకి చెందింది. అప్పటికి వాళ్ళకు ఇరవైమూడేళ్ళు.

దీన్ని పచ్చిమోసం అనటానికి మాకు మనసొప్పదు. ఆ రోజుల్లో ఆ వ్యాపారంలో రివాజే అది. ఏళ్ళ తరబడి తిరస్కారాలు తిన్నవాళ్ళకు ఆ చెక్కు పెద్ద గెలుపులాగే కనిపించి వుంటుంది. వాళ్ళు పదమూడు పేజీలు అమ్ముతున్నామనుకున్నారు. కొన్నవాళ్ళ చేతికి మాత్రం ఆ పేజీలతోపాటు, ఇంకా రాయని కథలన్నీ వెళ్ళాయి.

10 సెంట్ల వెలతో వచ్చిన ఆ పుస్తకం విపరీతంగా అమ్ముడైంది. 1939లో దినపత్రికల్లోకి, 1940లో రేడియోలోకి, 1941లో కార్టూన్ చిత్రాల్లోకి సూపర్‌మాన్ ఎక్కాడు. కొన్నేళ్ళు జెర్రీ, జో కూడా బాగానే సంపాదించారు, కాని అది చేసిన పనికి కూలి. వీరుడి బాల్యం గురించి కథలు రాస్తానని జెర్రీ 1938లోనే అడిగితే కంపెనీ వద్దంది. 1943లో అతను సైన్యంలోకి వెళ్ళాక, అతన్ని అడక్కుండానే సూపర్‌బాయ్ అచ్చయ్యాడు.

1947లో ఇద్దరూ కోర్టుకెక్కారు. సూపర్‌మాన్ కంపెనీదేననీ, సూపర్‌బాయ్ జెర్రీదనీ తేలింది. 1948లో రాజీపడి, సుమారు 94,000 డాలర్లు తీసుకుని రెంటినీ వదులుకున్నారు. అంతటితో కథల మీద వాళ్ళ పేర్లు కూడా మాయమయ్యాయి. జో చూపు ఇంకా తగ్గింది. సామాన్లు చేరవేసే పనులు చేశాడు. జెర్రీ లాస్‌ఏంజెలస్‌లో టైపు కొట్టే గుమాస్తా అయ్యాడు.

1975లో, భారీ సూపర్‌మాన్ సినిమా రాబోతోందని తెలిసి, జెర్రీ తన గోడు పత్రికలకు రాశాడు. తోటి చిత్రకారులు జెర్రీ రాబిన్సన్, నీల్ ఆడమ్స్ వాళ్ళ పక్షాన నిలిచారు. ఆ డిసెంబరులో వార్నర్ సంస్థ ఒక్కొక్కరికి ఏటా 20,000 డాలర్ల పింఛనూ, వైద్యబీమా ఇవ్వటానికి ఒప్పుకుంది. సృష్టికర్తలుగా పేర్లు తిరిగి వేయటానికీ ఒప్పుకుంది. 1978లో ఆ సినిమా తెర మీద ఇద్దరి పేర్లూ పడ్డాయి. రెండేళ్ళకు, 1980లో, సూపర్‌మాన్ పేరుతోనే ఎన్.టి. రామారావుగారు నటించిన తెలుగు సినిమా వచ్చింది. మా నాన్నగారి తరం ఈలలు వేసి చూసింది. ఈ ఇద్దరి సంగతి మాత్రం మాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

జో 1992లో, జెర్రీ 1996లో పోయారు. తర్వాత జెర్రీ కుటుంబం సాగించిన దావా 2016 దాకా నడిచి, హక్కు కంపెనీ వద్దే నిలిచింది. ఆ నాటి చెక్కు కాయితం 2012లో వేలంలో 1,60,000 డాలర్లు పలికింది.

ఇదంతా చదివి నవ్వుకోవటానికి మాకు అర్హత లేదు. మా మొదటి ఉద్యోగం కాంట్రాక్టు మేం చదవకుండానే సంతకం పెట్టాం. వీసా కాయితం వస్తే చాలుననుకున్న రోజులవి. మానేసేటప్పుడు తెలిసింది, చుట్టుపక్కల ఇరవై మైళ్ళలో రెండేళ్ళపాటు ప్రాక్టీసు చెయ్యకూడదని అందులో వుందట! పిల్లల్ని బడి మార్పించి ఇక్కడికి వచ్చాం. డాక్టర్లమే అలా వుంటే, బొమ్మలు గీసే కుర్రాళ్ళను ఏమనగలం?

అమ్మకం నీచమని మనం పిల్లలకు నేర్పితే వాళ్ళు అమ్మటం మానరు, చదవకుండా అమ్ముతారు. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టం సవరించి, సినిమా పాటల రచయితలకూ సంగీతకారులకూ రాయల్టీలో వాటా హక్కు ఇచ్చారు. ఒప్పందంలో వదులుకున్నా ఆ హక్కు పోదు. అంతమంది పెద్దవాళ్ళకే చట్టం అడ్డుపడవలసి వచ్చిందంటే, పోటీల దరఖాస్తు వెనక సన్న అక్షరాల్లో ఏముందో మన పిల్లల తరఫున మనమైనా చదవాలి.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాం. కిందటి ఉగాది సంచిక అట్ట మీది బొమ్మను మన సభ్యుల పిల్లవాడే వేశాడు. సంచిక లోపల కార్యవర్గం పేర్లున్నాయి, ప్రకటనలిచ్చిన వ్యాపారుల పేర్లున్నాయి, ఆ పిల్లవాడి పేరు ఎక్కడా లేదు. సంచిక పని చూసినవాళ్ళలో మేమూ వున్నాం. వాడు ఏమీ అడగలేదు. వచ్చే సంచికలో మొదటి పేజీలోనే వాడి పేరు వెయ్యాలని సంపాదకులకు రాసిచ్చాం. అసలు బొమ్మ ఇంకా మన సంఘం బీరువాలోనే వుందిట. దాన్ని తీసుకెళ్ళి వాళ్ళింట్లో ఇచ్చి రావటం మా వంతు.