చేతికి కదిలే బొమ్మ

పాఠం చెప్పేవాని వెనుక ఒక తెర, తెరమీద ఒక బొమ్మ. ఆ బొమ్మ తాను కోరినప్పుడు కదలవలెను, తాను ఆపినప్పుడు ఆగవలెను. ఉపన్యాసకునికి ఈ కోరిక నేడు కొత్తగా పుట్టినది కాదు. ఇంటర్నెట్ ద్వారా చూపే స్లైడ్లలో ఈనాడు వ్రేలు తాకగానే లోలకం ఊగుతున్నది, అణువులు పరుగులిడుతున్నవి. ఇదంతా కంప్యూటరు పుట్టించిన వింత అని చాలమంది తలపు. కాని దీని పూర్వకథ మూడున్నర శతాబ్దాలకు పైబడినది.

హాలెండు శాస్త్రజ్ఞుడు క్రిస్టియాన్ హైగెన్స్ 1659లో మాజిక్ లాంతరు కోసం కొన్ని చిన్న బొమ్మలు గీసినాడు. దీపం, కటకం, వాటి నడుమ బొమ్మ గీసిన గాజుపలక, ఇంతే ఆ లాంతరు. గీసిన బొమ్మ ఏమిటనుకున్నారు? తన తలను తానే ఊడదీసుకొనే అస్థిపంజరం! శనిగ్రహ వలయాల మర్మం విప్పిన మహానుభావునికి ఈ సరదా ఏమిటని మనం నవ్వుకోవచ్చును. తరువాతి కాలంలో ఆయనకే ఈ లాంతరు చిన్నతనంగా తోచినది. అది వేరే కథ.

పద్దెనిమిదవ శతాబ్దిలో అదే దేశపు ఆచార్యుడు పీటర్ వాన్ ముషెన్‌బ్రూక్ తెరమీద గాలిమర రెక్కలు తిరిగే పలకను వర్ణించినాడు. ఉపాయం సులభమైనదే. మర కట్టడం ఒక గాజుమీద, రెక్కలు మరొక గాజుబిళ్లమీద గీస్తారు. మొదటిది కదలదు, రెండవది తిరుగుతుంది. పందొమ్మిదవ శతాబ్దిలో గాజుబిళ్ల అంచుకు పళ్లచక్రం, ప్రక్కన చిన్న పిడి అమర్చి, సూర్యుని చుట్టు భూమిని, భూమి చుట్టు చంద్రుని త్రిప్పి చూపినారు. ఇక్కడ గమనించవలసినది ఆ పిడి. అది ఉపన్యాసకుని చేతిలోనిది. గ్రహణం ఎట్లు పడుతుందని ఒక పిల్లవాడు అడిగితే, చంద్రుని వెనుకకు త్రిప్పి, సరియైన చోట ఆపి చూపవచ్చును. మన దేశంలోను కల్యాణ్ పట్టణవాసి మహాదేవ పట్వర్ధన్ 1890లలో ‘శాంబరిక్ ఖరోలిక’ పేరిట పలకలు వెంటవెంట మార్చి బొమ్మలను ఆడించినారు. ఆ తరువాత వచ్చిన సినిమా కదలికను ఇచ్చినది గాని, ఆ పిడిని తీసివేసినది. చూచేవాడు అడిగినా ఫిలిం ఆగదు.

కంప్యూటరు స్లైడు కూడ మొదట నిశ్చలమైనదే. 1987లో మాకింటోష్ యంత్రానికి వెలువడిన పవర్‌పాయింట్ నలుపుతెలుపు పుటలను సిద్ధం చేసేది. వాటిని పారదర్శక పత్రాలమీదికి ఎక్కించి చూపేవారు. చేతికి కదిలే బొమ్మను ఇంటర్నెట్‌కు తిరిగి తెచ్చినవాటిలో ముఖ్యమైనది 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ అనే పేరుతో పుట్టి, తరువాత ఫ్లాష్‌గా ప్రసిద్ధికెక్కిన సాధనం. బొమ్మను చుక్కలుగా గాక, గీతల లెక్కలుగా పంపడంవల్ల ఆనాటి సన్నని టెలిఫోను తీగలమీద కూడ అది చకచక వచ్చేది. నోబెల్ బహుమానగ్రహీత కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ‘ఫెట్’ ప్రయోగచిత్రాలలో పలువాటికి ఫ్లాష్, జావాలే ఆధారం.

అయితే ఒక చిక్కు ఉన్నది. బ్రౌజరు తనంతట తాను ఫ్లాష్‌ను చదువలేదు. అందుకు మరొక సంస్థ ఇచ్చే అదనపు భాగం దానికి తగిలించవలెను. రేడియో ఉన్న ఇంటివారికి ఇది వివరించనక్కరలేదు. నిలయం పలుకుతున్నా, పెట్టెలో ఆ బ్యాండు లేకుంటే వినవచ్చేది మౌనమే. 2007లో వచ్చిన ఐఫోన్ ఆ భాగాన్ని చేర్చుకొనలేదు. దానిలోని భద్రతాలోపాలు కూడ పలుమార్లు బయటపడినవి. దానిని విరమిస్తామని అడోబీ సంస్థ 2017లో ప్రకటించి, 2020 డిసెంబరు 31న విరమించినది. 2021 జనవరి 12 నుండి ఆ భాగం ఉన్న యంత్రాలలో కూడ బొమ్మలు ఆడకుండ కట్టడి చేసినది.

నా మిత్రులొకరు భౌతికశాస్త్రాధ్యాపకులు. ఎన్నో సెలవులు వెచ్చించి పన్నెండు కదిలే బొమ్మలు చేసుకొని, ఇంటర్నెట్‌లోని తమ స్లైడ్లలో పొదిగించుకొన్నారు. ఆ జనవరిలో ఒక ఉదయం తరగతిలో తెర తెరిస్తే, లోలకం ఊగవలసిన చోట బూడిదరంగు చదరం మిగిలినది. ఆయన ఒక్క క్షణం నిలిచి, సుద్దముక్క తీసుకొన్నారట.

ఇప్పటి పద్ధతి వేరు. బొమ్మను బ్రౌజరు భాషలోనే, జావాస్క్రిప్టులో వ్రాస్తారు. స్లైడ్లు కూడ వెబ్ పుటలే కావచ్చునని 2004లో ఎరిక్ మేయర్ ‘ఎస్5’తో చూపినాడు; 2011లో ‘రివీల్’ అనే సాధనం ఆ దారిని విస్తరింపజేసినది. అట్టి పుటలో ఐఫ్రేమ్ అనే చిన్న కిటికీ తెరచి, అందులో కదిలే బొమ్మను నిలుపుతారు. తగిలింపులతో పని లేదు. ఫెట్ వారు తమ ప్రయోగాలను ఒక్కొక్కటిగా ఈ భాషలోకి తిరిగి వ్రాయిస్తూ వచ్చినారు. అంత అర్థబలం లేనివారికి ‘రఫుల్’ అనే అనుకరణ సాధనం కొంత ఆదరువు. దాని సాయంతోనే ఇంటర్నెట్ ఆర్కైవ్ 2020 నవంబరునుండి పాత ఫ్లాష్ బొమ్మలను మరల ఆడిస్తున్నది. అన్నియు ఆడవు.

గాజుపలక మాట వేరు. పిడి తుప్పుపట్టకుంటే, వెనుక ఏ దీపం పెట్టినా చంద్రుడు ఈనాటికిని తిరుగుతాడు. నా మిత్రులు ఇంతవరకు నాలుగు బొమ్మలు తిరిగి వ్రాసుకొన్నారు. ఎనిమిది మిగిలి ఉన్నవి.