ఫిబ్రవరి 28: విరమణ తేదీ ఎవరి చేతిలో ఉంది?

పదవీ విరమణకు ముందు చేసుకోవలసిన ఆర్థిక సన్నాహాల గురించి నేడు ఎక్కడ చూసినా సలహాలే. ఇంటి అప్పు తీర్చుకొమ్మంటారు, ఆడపిల్ల పెళ్ళి ముగించుకొమ్మంటారు, వైద్యానికి కొంత సొమ్ము వేరుగా ఉంచుకొమ్మంటారు. అన్నీ మంచి మాటలే. అయితే ఆ లెక్కలన్నీ ఒక్క అంకె మీద, అంటే విరమణ తేదీ మీద ఆధారపడి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకసారి ఆ అంకె ఇరవై రోజుల వ్యవధిలో మారిపోయింది. ఆ ఉదంతం తెలిసినవారు నేడు తక్కువ కనుక ఈ టపా.

రాష్ట్ర ఉద్యోగుల విరమణ వయస్సు 1979లో 55 నుండి 58కి పెరిగింది. 1983 జనవరి 9న ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రి అయ్యారు. నెల తిరిగిందో లేదో, ఫిబ్రవరి 8న ఉత్తర్వు వెలువడింది: వయస్సు మళ్ళీ 55. అప్పటికే 55 నిండినవారందరూ ఆ నెల 28న ఇంటికి వెళ్ళాలి. యువతకు ఉద్యోగాలు కావాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ దెబ్బకు 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల సిబ్బంది ఇంటిదారి పట్టారని సుప్రీంకోర్టు తీర్పులో ఉంది.

అంకె పెద్దదైనప్పుడు మనిషి కనబడడు. కనుక పుంగనూరు తాలూకా కచేరీలో ఒక గుమాస్తాను ఊహించుకుందాం. 1928 జనవరిలో పుట్టాడు. 1983 ఫిబ్రవరి నాటికి అతనికి 55 ఏళ్ళ ఒక నెల. మూడేళ్ళ జీతం ముందుందనుకొని కూతురి పెళ్ళి 1985లో పెట్టుకొన్నాడు, ఇంటి అప్పు వాయిదాలను 1986 జనవరి దాకా పరచుకొన్నాడు. మరి ఆ ముప్పై అయిదు నెలల జీతాన్ని ఇరవై రోజుల్లో ఎక్కడినుండి తెస్తాడు?

చేతికి వచ్చేవి గ్రాట్యుటీ, భవిష్యనిధి, పింఛనులో కొంత భాగాన్ని ముందే అమ్ముకోగా వచ్చే కమ్యుటేషన్ మొత్తం. వీటిలో మూడవదే అసలైన నిర్ణయం. ఇప్పుడు మొత్తం తీసుకొంటే నెలనెలా వచ్చేది తగ్గుతుంది. ఆనాడు ఆ తగ్గింపు బ్రతికినంత కాలం! పదిహేనేళ్ళ తరువాత పూర్తి పింఛను పునరుద్ధరించాలన్న సూత్రం 1986లో, అదీ కేంద్ర ఉద్యోగుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ద్వారా స్థిరపడింది. 1983లో సంతకం చేసినవానికి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

ఇక ఆ సొమ్ము ఎక్కడికి పోతుందన్నది మా వైపు వారికి చెప్పనక్కరలేదు. మదనపల్లె నుండి కుప్పం వరకు ఉన్న ఈ పడమటి మెట్టసీమలో నమ్ముకోదగ్గ నది లేదు. వాన తప్పితే చెరువు ఎండుతుంది. ఇటువంటి చోట నెల జీతం అన్నది ఇంటిలో తప్పని ఏకైక పంట. అది ఆగిన మనిషి చేతిలో ఉన్న మొత్తాన్ని పట్టుకొని భూమి వైపు చూస్తాడు. బావి లోతు చేయిస్తాడు, కాకుంటే బోరు వేయిస్తాడు. నీరు పడితే మామిడి, మల్బరీ, టమాటా. పడకపోతే ముప్పై ఏళ్ళ కొలువు రాతిలో కలిసినట్లే. (పుంగనూరు పొట్టి ఆవును కట్టుకొని పాలు అమ్ముకోవచ్చు గదా అని ఒక మిత్రుడు పరిహాసమాడాడు. ఆనాడు ఆ ఆవుకు నేటి ధర ఎక్కడిది?)

బాధితులు న్యాయస్థానానికి వెళ్ళారు. ఈలోగా రాజకీయం తలక్రిందులైంది. 1984 ఆగస్టులో నెల రోజులు నడిచిన నాదెండ్ల భాస్కరరావు ప్రభుత్వం అదే నెల 23న ఆర్డినెన్సు ద్వారా వయస్సును తిరిగి 58 చేసింది. రామారావు మళ్ళీ వచ్చిన తరువాతా అది అట్లాగే నిలిచింది. కాని మధ్యకాలంలో ఇంటికి వెళ్ళినవారిని వెనక్కు తీసుకోబోమన్నారు. 1985 జనవరిలో కె. నాగరాజ్ వ్యాజ్యంలో తీర్పు వచ్చింది: 55కి తగ్గించడం రాజ్యాంగవిరుద్ధం కాదు, అది విధాన నిర్ణయం. విచిత్రమేమంటే, తీర్పు వచ్చేనాటికి ఆ 55 అమలులోనే లేదు.

అదే ఏడాది ఆగస్టు 19న బి. ప్రభాకరరావు వ్యాజ్యంలో, తెలుగువారైన జస్టిస్ చిన్నప్పరెడ్డి రాసిన తీర్పు కథను మరో మలుపు తిప్పింది. పెంపు ఫలాన్ని మధ్యలో నలిగినవారికి నిరాకరించడం చెల్లదన్నారు. 1985 అక్టోబరు 31 నాటికి 58 నిండనివారిని తిరిగి కొలువులోకి తీసుకోవాలి. నిండేవారికి 58 వరకు రావలసిన జీతభత్యాలలో, పింఛను వగైరాలుగా అప్పటికే అందినది మినహాయించి, మిగిలినది పరిహారంగా ఇవ్వాలి.

మన గుమాస్తా గీతకు ఇవతల ఉన్నాడు. తిరిగి వెళ్ళవచ్చు, సుమారు అయిదు నెలలకు! అయితే అతడు విడిచి వెళ్ళిన తాలూకా కచేరీ అప్పటికి లేదు. 1985లోనే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 1927 ఆగస్టులో పుట్టిన అతని సహోద్యోగికి కొలువు లేదు, ముప్పై నెలల పరిహారం ఉంది. ఇద్దరిలో ఎవరు అదృష్టవంతులో నేను తేల్చలేను. పెళ్ళి కోసం చేసిన అప్పు వడ్డీని మాత్రం ఏ తీర్పూ లెక్కలోకి తీసుకోలేదు.

ఆ తరువాత వయస్సు పైకే కదిలింది: 2014లో 60, 2022 జనవరి నుండి 62. 2004 సెప్టెంబరు 1 తరువాత చేరినవారికి పాత పింఛనే లేదు. జీతంలో పది శాతం తామే కట్టుకొనే పథకం వచ్చింది. 2022 పెంపు వేళ మదనపల్లెలోనో కుప్పంలోనో 60కి చేరువైనవానికి 1983 నాటి గుమాస్తాది తిరగబడిన చిక్కు: రెండేళ్ళ జీతం అదనంగా వచ్చింది, కాని గ్రాట్యుటీ వస్తే ఇల్లు ముగిద్దామని గోడల వరకు లేపి ఆపినవాడు, కప్పు కోసం మరో రెండేళ్ళు ఎదురు చూడవలసి వచ్చింది.