కోడిగ్రుడ్డు పెంకు - కడప సున్నపురాయి

కోడిగ్రుడ్డు పెంకు బరువు అయిదారు గ్రాములు. దానిలో నూటికి 94 వంతులు కాల్షియం కార్బొనేటు, అనగా సున్నపురాతిలోని పదార్థమే. అందులోని కాల్షియం రెండు గ్రాములకు పైమాట. రాయలసీమలో పెరటికోడికి దొరకు గింజ జొన్న. 100 గ్రాముల జొన్నలలో కాల్షియం సుమారు 25 మిల్లీగ్రాములు. దినమునకు నూరు గ్రాములు తిను పెట్ట, అందులోని కాల్షియమునంతటిని దాచుకొన్నను, ఒక్క పెంకు కట్టుటకు 80 దినములు పట్టవలెను. కాని అది ఒకటి రెండు దినములలోనే మరొక గ్రుడ్డు పెట్టుచున్నది. మిగిలిన సున్నము ఎక్కడిది?

ఈ ప్రశ్న పాతదే. క్రోమియం మూలకమును కనుగొనిన ఫ్రెంచి రసాయనవేత్త వోక్లాన్ ఒక పెట్టకు పది దినములు ఓట్సు ధాన్యము మాత్రమే పెట్టి, గింజలను, రెట్టను, పెంకులను విశ్లేషించి 1799లో ఫలితములు ప్రకటించెను. లోపలికి పోయినదానికంటె వెలికి వచ్చిన సున్నమే ఎక్కువగా తేలినది. కోడి శరీరములోనే సున్నము పుట్టుచున్నదేమోనని ఆయన తలపోసెను. తూనికలో మోసము లేదు. కాని కోడి యొడలిలో అంతకుముందే నిలువయున్న సున్నము ఆయన లెక్కలోనికి రాలేదు.

1842లో జెనీవాకు చెందిన షోసా పావురములకు నెలల తరబడి గోధుమలు, నీరు మాత్రమే ఇచ్చి చూచెను. వాటి ఎముకలు పలుచబడి విరిగినవి. కాల్షియం కార్బొనేటు కలిపి ఇచ్చిన వాటికి ఈ బాధ కలుగలేదు. తరువాత 1934లో కైస్, పాటర్ అనువారు గ్రుడ్లు పెట్టు ఆడు పావురముల ఎముకల మజ్జలో ప్రత్యేకమైన ఎముక ఏర్పడుటను వర్ణించిరి. మేతలో సున్నము చాలనప్పుడు పెట్ట అప్పు చేయునది ఇచ్చటనే. దాని అస్థిపంజరమంతటిలోని కాల్షియం 20 గ్రాములకు అటునిటు. ఒక్కొక్క పెంకు అందులో పదవ వంతును కోరును. అప్పు తీరనిచో పెంకు పలుచబడును, కాళ్లు కూలబడును, తుదకు గ్రుడ్లే ఆగిపోవును.

పెరటికోడి ఏడాదికి పెట్టునవి కొలది గ్రుడ్లే. పురుగులు, నత్తలు, గోడనుండి రాలిన సున్నపు పెళ్లలు ఏరుకొని అది లోటు పూడ్చుకొనును. ఏటికి 300 గ్రుడ్లు పెట్టు నేటి జాతుల సంగతి వేరు. పంజరములోని కోడికి ఏరుకొను వీలెక్కడిది? దానికి దినమునకు సుమారు నాలుగు గ్రాముల కాల్షియం, అనగా 10 గ్రాముల మంచి సున్నపురాయి, మేతతోనే అందవలెను.

కడప, కర్నూలు సీమలలో రాతికి కరువు లేదు. ఇచ్చట ఇంటి నేలయు, గోడయు, పాత ఇండ్లలో పైకప్పు కూడ నాపరాళ్లే. కాని రాళ్లన్నియు ఒకటి కావు. భారత భూగర్భ సర్వేక్షణశాఖకు చెందిన విలియం కింగ్ 1872లో ఈ ప్రాంతపు శిలలను కడప, కర్నూలు అను రెండు వరుసలుగా వివరించెను. కర్నూలు వరుసలోనిది నార్జి సున్నపురాయి. కడప జిల్లాలోని నార్జి గ్రామము పేరే దానికి వచ్చినది. బేతంచర్ల నాపరాళ్లు, ఎఱ్ఱగుంట్ల సిమెంటు ఈ రాతినుండి వచ్చునవే. అంతకంటె చాల ప్రాచీనమైన కడప వరుసలో వేంపల్లె డోలమైటు కలదు. చూపునకు రెంటికిని దగ్గరి పోలికలే. అయినను శుద్ధమైన సున్నపురాతిలో కాల్షియం నూటికి 40 వంతులుండగా, డోలమైటులో అది 22కు దిగి, 13 వంతుల మెగ్నీషియం చేరును. ప్రేగులలో మెగ్నీషియం కాల్షియముతో పోటీపడును. అతిగా చేరినచో రెట్ట పలుచనై, పెంకు బలము తగ్గును. సిమెంటు వారు కూడ మెగ్నీషియం హెచ్చిన రాతిని త్రోసిపుచ్చుదురు. ఈ విషయమున కోడి వారి పక్షమే.

రెంటిని గుర్తించుటకు ఉన్నత పాఠశాల ప్రయోగశాల చాలును. సజల హైడ్రోక్లోరికామ్లపు చుక్క పడగనే సున్నపురాయి బుసబుస పొంగును. డోలమైటుపై పొంగు బహు మందము. రాతిని పొడిచేసిన పిదపగాని చురుకు రాదు. ఇది మోటు పరీక్ష మాత్రమే. మేతకు బస్తాల కొలది కొనువారు రసాయన విశ్లేషణ చేయించవలసినదే.

సున్నమొక్కటే చాలదు. కోడిపిల్లల మడమ స్నాయువు జారి కాలు వంకరపోవు వ్యాధిని మాంగనీసు నివారించునని విల్గస్, నారిస్, హ్యూసర్ అను అమెరికా పరిశోధకులు 1936లో చూపిరి. మాంగనీసు లోపము పెంకునకు కూడ చేటని తరువాత తేలినది. కిలో మేతకు కొన్ని పదుల మిల్లీగ్రాములే దీని లెక్క.

ఇక రాతిని ఎంత మెత్తగా దంచవలెను? పెంకు కట్టుటకు సుమారు 20 గంటలు పట్టును. అందులో ఎక్కువ భాగము రాత్రివేళ, కోడి మేత ముట్టని సమయమున జరుగును. పిండివంటి పొడి అప్పటికే కరగిపోయి యుండును. 2 నుండి 4 మిల్లీమీటర్ల పలుకులైనచో కందనకాయలో నిలిచి, తెల్లవారువరకు కొద్దికొద్దిగా కరగుచుండును.