త్యాగరాయ చెట్టిగారి అణా భోజనము

పట్టణాధ్యక్షుని ఘనతను దేనిచేత కొలువవలెను? సౌధములు, బాటలు, దీపములు కావలసినవే. కాని బీదవాని బిడ్డ బడికేల వచ్చుట లేదని విచారించుట అంతకంటె గొప్ప కార్యము.

మనుబోలు, గూడూరు, నెల్లూరు ప్రాంతముల వారికి 1953వ సంవత్సరము వఱకు చెన్నపట్టణమే రాజధాని. ఆ పట్టణమున 1688లోనే కార్పొరేషను వెలసి, మేయరు నియమితుడయ్యెను. కాలక్రమమున మేయరు పదవి పోయి అధ్యక్ష పదవి వచ్చెను. 1933లో గాని మేయరను పేరు మరల రాలేదు. ఆ నడిమికాలమున అధ్యక్షపీఠము నధిష్ఠించిన తెలుగువారు పిట్టి త్యాగరాయ చెట్టిగారు. వీరు 1852లో దేవాంగుల యింట జన్మించి, పట్టభద్రులై, నేతపరిశ్రమను వృద్ధిచేసి, సుమారు 40 ఏండ్లు కార్పొరేషనులో సభ్యులుగా నుండిరి. సర్కారు ఉద్యోగి గాక, సభ్యులచే ఎన్నుకొనబడిన మొదటి అధ్యక్షులు వీరే. 1920 ఎన్నికలలో తమ జస్టిసు పక్షము గెలిచినప్పుడు ప్రధానమంత్రి పదవి తమకు లభింపగా, దానిని నిరాకరించిరి.

అదే సంవత్సరము సెప్టెంబరు 16వ తేదీన కార్పొరేషను సభ యొక తీర్మానము చేసెను. థౌజండ్ లైట్సు పేటలోని కార్పొరేషను బడి పిల్లలు మిక్కిలి బీదవారగుటచే హాజరు తగ్గుచున్నదనియు, వారికి మధ్యాహ్నమున ఆహారము పెట్టవలెననియు అధ్యక్షులు వాదించిరి. పిల్లవాని కొక్కింటికి దినమునకు ఒక అణా, అనగా రూపాయిలో 16వ వంతు, మించరాదని నిర్ణయమయ్యెను. పిమ్మట ఆ యేర్పాటు మఱి నాలుగు బడులకు వ్యాపించెను.

బిడ్డను పోషించుట తల్లిదండ్రుల పని గాని పట్టణసభ పనియా యని కొంద ఱనవచ్చును. కూలికిపోయిననే గాని పొయ్యి రాజని యింట, బిడ్డ బడికి వచ్చిన పూట ఆ కూలి పోవును. ఆకలితో కూర్చున్న బాలునికి అక్షరము తలకెక్కదు. అన్నము పెట్టక బడి తెఱచుట సగము బడి తెఱచుటయే.

అయితే ఈ సత్కార్యమునకు చట్టము యొక్క అండ లేకపోయెను. ప్రాథమిక విద్యానిధిని భోజనమునకు వెచ్చింపరాదని ప్రభుత్వ మడ్డుచెప్పగా, 1925 ఏప్రిల్ 1 నుండి అది నిలిచిపోయెను. ఆ సంవత్సరముననే త్యాగరాయ చెట్టిగారు దివంగతులైరి. కాని బీజము నశింపలేదు. తరువాతి కాలమున కామరాజు ప్రభుత్వము దానిని తమిళదేశమంతట నాటెను. 2001లో సుప్రీంకోర్టు వండిన యన్నమునే పెట్టవలెనని యాజ్ఞాపించెను. 2003 నుండి ఆంధ్రదేశపు సర్కారు బడులలోను అది యమలులోనికి వచ్చెను.

కావున సోదరీసోదరులారా! అధ్యక్షుని దయచే వచ్చినది అధ్యక్షునితోనే పోవచ్చును. ప్రజలు హక్కుగా నెఱిగి కాపాడుకొన్నదే నిలుచును. మీ యూరి బడికి ఒక మధ్యాహ్నము వెళ్లి, పిల్లల విస్తరిలో నేమున్నదో చూచి రండు.