చిట్టా నుంచి చిత్రానువాదానికి: అనంతపురం సీమలో సినిమా విద్య

భారతదేశంలో సినిమా విద్య చరిత్రను 1960తో ప్రారంభించడం పరిపాటి. చలనచిత్ర పరిశ్రమ స్థితిగతులను విచారించిన ఎస్.కె. పాటిల్ సంఘం 1951లో ఇచ్చిన నివేదికలో శిక్షణ సంస్థ అవసరాన్ని ప్రస్తావించింది. ఆ తరువాత పుణేలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. ఈ క్రమం సరైనదే కాని, సంస్థల స్థాపనను మాత్రమే విద్యగా లెక్కించడం వల్ల అంతకు ముందు సినిమాను ఎవరు, ఎక్కడ, ఏ అర్హతతో నేర్చుకున్నారన్న ప్రశ్న మరుగున పడుతున్నది. ఆ ప్రశ్నను అనంతపురం పీఠభూమి నుంచి వేస్తే వచ్చే సమాధానం వేరుగా ఉంటుంది.

ఉరవకొండ, గుంతకల్లు, బళ్ళారుల నడుమ ఉన్న విడపనకల్లు ప్రాంతానికి సమీపంలోని పెద్ద రైలు కూడలి గుంతకల్లు. అక్కడి నుంచి చీలే దారులలో మూడు ఇక్కడ ముఖ్యం. పడమట బళ్ళారి, ఆగ్నేయంగా తాడిపత్రి మీదుగా మద్రాసు, దక్షిణాన బెంగుళూరు. వానలు నమ్మరాని ఈ నేల నుంచి చదువుకైనా, కూలికైనా, కళకైనా బయలుదేరినవారికి ఈ మూడే ముఖ్యమైన మార్గాలు. సినిమా విద్యకు సంబంధించినంతవరకు ఒక్కో దారి ఒక్కో రకమైన పాఠశాలకు చేరింది.

బళ్ళారి దారి రంగస్థలానికి పోయింది. 1882లో అనంతపురం జిల్లా విడివడేదాకా ఈ ప్రాంతమంతా బళ్ళారి జిల్లాలోనిదే. తాడిపత్రిలో 1880లో పుట్టిన బళ్ళారి రాఘవ న్యాయవాదిగా, నటుడిగా ఎదిగింది బళ్ళారిలోనే. ‘ద్రౌపదీ మానసంరక్షణం’ (1936), ‘రైతుబిడ్డ’ (1939), ‘చండిక’ (1940) చిత్రాలలో ఆయన నటించారు. అయితే ఆయన చలనచిత్రాలలోకి వచ్చేనాటికే యాభై దాటినవారు. అప్పటికే పరిపక్వమైన నాటకానుభవాన్ని వెండితెరకు తెచ్చారే తప్ప, తెర కోసం ప్రత్యేకంగా శిక్షణ పొందినవారు కారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిన తరువాత ఈ దారికి నడుమ రాష్ట్ర సరిహద్దు వచ్చింది.

మద్రాసు దారి గురించి ఎక్కువగా చెప్పుకోవలసి ఉంది. తాడిపత్రిలో 1912లో జన్మించిన కదిరి వెంకటరెడ్డి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఎస్సీ. చదివారు. సినిమారంగంలో ఆయన తొలి ఉద్యోగం దర్శకత్వ శాఖలో కాదు, డబ్బు లెక్కలు చూడడం. హెచ్.ఎం. రెడ్డి ‘గృహలక్ష్మి’ (1938) నిర్మాణకాలంలో ఆయన క్యాషియరు. ఆ తరువాత బి.ఎన్. రెడ్డి నాయకత్వంలోని వాహినిలో నిర్మాణ వ్యవహారాలు చూస్తూ ‘వందేమాతరం’ (1939), ‘సుమంగళి’ (1940), ‘దేవత’ (1941) తయారవుతున్న తీరును దగ్గరగా గమనించారు. వాహినికి ఆర్థికబలంగా నిలిచిన మూలా నారాయణస్వామిదీ తాడిపత్రే, పైగా ఆయన వెంకటరెడ్డికి మిత్రుడు. ఈ పూర్వరంగం నుంచి ‘భక్తపోతన’ దర్శకుడుగా కె.వి. రెడ్డి వెలువడ్డారు.

క్యాషియరు నుంచి దర్శకుడు కావడాన్ని సాధారణంగా అదృష్టంగానో, పట్టుదలగానో వర్ణిస్తారు. దీనిని ఒక విద్యాక్రమంగా చదవడం ఎక్కువ ఉపయోగకరం. నిర్మాణపు లెక్కలు రాసే వ్యక్తికి ఏ సన్నివేశానికి ఎన్ని రోజులు పట్టాయో, ఎన్ని అడుగుల ముడిఫిల్ము ఖర్చయిందో, ఏ మార్పు వల్ల ఎవరి కూలి పెరిగిందో తెలియక తప్పదు. యుద్ధకాలంలో ముడిఫిల్ము కొరత వల్ల ప్రభుత్వం చిత్రాల నిడివిని 11,000 అడుగులకు పరిమితం చేసినప్పుడు ఈ జ్ఞానానికి విలువ ఇంకా పెరిగింది. సంభాషణలతో సహా చిత్రానువాదం పూర్తయితే తప్ప చిత్రీకరణకు వెళ్ళకపోవడం, ప్రతి సన్నివేశం నిడివిని ముందే అంచనా వేసుకోవడం కె.వి. రెడ్డి పద్ధతిగా ప్రసిద్ధం. సముద్రాల రాఘవాచార్య, పింగళి నాగేంద్రరావు, డి.వి. నరసరాజు వంటి రచయితలు ఆయనతో పనిచేసింది ఈ నియమంలోనే. కనుక ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ సంభాషణల పొదుపును పింగళి శైలిగా మాత్రమే వివరించే సాహిత్య విమర్శ సగం విషయాన్నే చూస్తున్నది. రచయిత కలం పక్కన ఒక చిట్టా ఉంది. (ఇంటిపేరులో కదిరి ఉన్న ఈ దర్శకుడే, ఆ కదిరి ప్రాంతపు కటారుపల్లిలో సమాధి ఉన్న వేమనపై 1947లో ‘యోగి వేమన’ తీయడం యాదృచ్ఛికమే కావచ్చు.)

అయితే స్టూడియో అనే ఈ పాఠశాలకు ప్రవేశపరీక్ష లేదు, ప్రకటన లేదు. పరిచయమే ప్రవేశపత్రం. కె.వి. రెడ్డికి ఊరి మిత్రుడు ఉన్నాడు. వాహినిలో శబ్దగ్రహణ శాఖలో జీవితం మొదలుపెట్టిన కె. విశ్వనాథ్‌కు తండ్రి ఆ స్టూడియోలో ఉన్నారు. ‘కృష్ణాపత్రిక’లో చిత్రవిమర్శలు రాసి ఈ రంగంలోకి వచ్చిన కమలాకర కామేశ్వరరావు వంటివారిది వేరే దారి, కాని దానికీ మద్రాసులో నిలదొక్కుకునే శక్తి కావాలి. డిగ్రీ, స్నేహం, నగరంలో బస, ఈ మూడూ లేని విడపనకల్లు రైతుకూలీ కొడుక్కి వాహిని గుంతకల్లులో రైలెక్కితే చేరే దూరంలో ఉన్నా, అందే దూరంలో లేదు. కూతురి విషయంలో ఆ దూరం ఇంకా ఎక్కువ. స్టూడియో విద్య గొప్పతనాన్ని చెప్పేటప్పుడు ఈ మాట విడిచిపెట్టడం న్యాయం కాదు.

మూడవ దారి బెంగుళూరుది. తెలుగు సినిమా చరిత్రలలో దీనికి దక్కిన చోటు స్వల్పం. మైసూరు సంస్థాన ప్రభుత్వం 1943లో నెలకొల్పిన వృత్తివిద్యా సంస్థలో, అంటే తరువాతి శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో, ఛాయాగ్రహణం, శబ్దశాస్త్రం డిప్లొమా పాఠ్యాంశాలుగా ఉండేవి. గురుదత్ చిత్రాల ఛాయాగ్రాహకుడు వి.కె. మూర్తి అక్కడి తొలి విద్యార్థులలో ఒకరు. గోవింద్ నిహలానీ కూడా అక్కడే చదివారు. పుణే సంస్థకు పదిహేడేళ్ళ ముందే, ఒక సాధారణ పాలిటెక్నిక్‌లో, ఇతర వృత్తివిద్యలతో పాటు కెమెరా కూడా ఒక వృత్తిగా బోధనకు వచ్చిందన్నది గమనించవలసిన సంగతి. నేటి కమ్యూనిటీ కళాశాల భావనకు దక్షిణాదిన దగ్గరి పూర్వరూపం ఇదే. అనంతపురానికి మద్రాసు కంటే బెంగుళూరే దగ్గర. కాని అనంతపురం మద్రాసు రాజధానిలోనిది, బెంగుళూరు పరాయి సంస్థానంలోనిది. పైగా పాలిటెక్నిక్ నేర్పింది యంత్రాన్ని. కథను, సంభాషణను, దర్శకత్వాన్ని తెలుగులో నేర్పే తరగతి అక్కడా లేదు. అది స్టూడియోలోనే మిగిలింది.

తరువాతి పరిణామాలు తెలిసినవే. అడయారు సంస్థ మద్రాసులోనే ఉండిపోగా తెలుగు పరిశ్రమ క్రమంగా హైదరాబాదుకు తరలింది. అక్కడ 2011లో ఆరంభమైన అన్నపూర్ణ విద్యాసంస్థ ప్రైవేటు రంగానిది. పుణే సంస్థ 2017 నుంచి దేశంలోని వివిధ పట్టణాలలో స్వల్పకాలిక తరగతులు నడపడం మొదలుపెట్టింది. ఈ కాలమంతటిలో చిత్రానువాదాన్ని తెలుగు రచనాప్రక్రియగా బోధించే బాధ్యత తెలుగు శాఖలకు కూడా ఉందన్న చర్చ బలంగా సాగలేదు.

కె.వి. రెడ్డి వద్ద సహాయకుడిగా ‘మాయాబజార్’ (1957)కు పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, అంతకు ముందు సూళ్ళూరుపేటలో బడిపంతులు. ఆయన దర్శకత్వం వహించిన తొలి చిత్రం ‘నీతి నిజాయితి’ 1972లో వచ్చింది. కె.వి. రెడ్డి మరణించింది ఆ ఏడాది సెప్టెంబరులోనే.