వెయ్యని ఓటుకు శిక్ష

క్రికెట్ మ్యాచ్ రోజైనా, ఎన్నికల రోజైనా, ఊళ్ళో ఏదైనా గొడవ జరిగిన మర్నాడైనా మాకు ఒక మాట వినపడుతూనే ఉంటుంది. "మీవాళ్ళు పాకిస్తాన్ కావాలని ఓట్లేశారు కదా, మరి వెళ్ళకుండా ఇక్కడెందుకున్నారు?" మొరటుగా అనేవాళ్ళు మొరటుగా అంటారు. చదువుకున్నవాళ్ళు చరిత్ర పుస్తకం తెరిచి, అంకెలు చూపించి, నెమ్మదిగా అంటారు. మాకు రెండోవాళ్ళతోనే ఎక్కువ పేచీ. మొదటివాళ్ళకి జవాబు చెప్పక్కర్లేదు, రెండోవాళ్ళకి చెప్పాలి. ఎందుకంటే వాళ్ళు చూపించే అంకె అబద్ధం కాదు. 1945-46 ఎన్నికల్లో కేంద్ర శాసనసభలోని 30 ముస్లిం సీట్లూ ముస్లింలీగే గెలుచుకుంది. రాష్ట్రాల్లో 490 దాకా ఉన్న ముస్లిం సీట్లలో 420కి పైగా గెలిచింది. అంకె నిజమే. ఆ అంకె వెనక ఎవరున్నారు, ఎవరు లేరు అన్నదే మా ప్రశ్న.

మాలో కూడా చాలామంది ఈ మాట రాగానే తల దించుకుంటారు. లేదా ఆజాద్ పేరు, అష్ఫాఖుల్లా పేరు, అబ్దుల్ హమీద్ పేరు జపమాల తిప్పినట్టు తిప్పుతారు. దేశభక్తికి సర్టిఫికెట్లు చూపించుకునే ఆ అలవాటు మాకు ఇష్టం లేదు. దానికన్నా ఆ ఎన్నికల లెక్క విప్పి చూడటం మేలు.

మొదట, ఓటెవరికుంది? ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ ఓటుంది కాబట్టి అప్పుడూ అంతే అనుకుంటారు. అప్పుడలా కాదు. 1935 చట్టం ప్రకారం రాష్ట్ర శాసనసభలకి ఓటెయ్యాలంటే భూమి శిస్తు కట్టాలి, లేదా ఇంటిపన్నో ఆదాయపు పన్నో కట్టాలి, లేదా చదువు ఉండాలి, లేదా పటాలంలో పనిచేసి పెన్షన్ పుచ్చుకుంటూ ఉండాలి. ఆడవాళ్ళకైతే సొంత ఆస్తో, చదువో, మొగుడి తాలూకు ఫలానా అర్హతో ఉండాలి. ఇన్ని గడపలు దాటి ఓటర్ల జాబితాలో చేరినవాళ్ళు 1946 నాటికి రాష్ట్రాల్లోని వయోజనుల్లో సుమారు 28 శాతం. అంటే పదిమంది పెద్దవాళ్ళలో ఏడుగురికి ఓటే లేదు. కేంద్ర శాసనసభ సంగతి ఇంకా అన్యాయం. దాని ఓటర్లని 1919 నాటి చట్టం కొలతలతోనే తూచారు. కోట్ల జనం ఉన్న దేశంలో ఆ ఓటర్లు కొద్ది లక్షలు మాత్రమే. "ముప్ఫైకి ముప్ఫై" అని మమ్మల్ని దెప్పిపొడిచేది ఆ కొద్ది లక్షల్లోని ముస్లింల ఓట్లు చూపించే!

ఇప్పుడు మా బిరాదరీలు చూడండి. దూది ఏకినవాళ్ళు, గాజులమ్మినవాళ్ళు, తగరం పూసి కళాయి వేసినవాళ్ళు, బండి తోలినవాళ్ళు, కసాయి కొట్టులో కత్తి పట్టినవాళ్ళు, పీర్ల చావిట్లో నెమలీకలు విసిరి ధాన్యం అడుక్కున్న ఫకీర్లు... వీళ్ళలో శిస్తు కట్టిందెవరు, ఆదాయపు పన్ను కట్టిందెవరు? గుంటూరు, కర్నూలు, కడప జిల్లాల్లో నవాబుల వారసులూ, తోలు వ్యాపారులూ, వకీళ్ళూ, ఇనాందార్లూ ఓటేసి ఉంటారు. మద్రాసు శాసనసభ 215 సీట్లలో ముస్లింలకు ప్రత్యేకించినవి ముప్ఫై లోపే. అవి దాదాపు అన్నీ లీగుకే పోయాయి. అయితే ఆ సీట్లకి ఓటేసినవాళ్ళలో దూదేకులాయన ఎక్కడ? ఆయనకి ఆ ఎన్నిక జరిగిన సంగతైనా తెలుసో లేదో. ఆయన మనవడు మాత్రం ఆ ఓటుకి ఇవాళ్టికీ జవాబు చెబుతున్నాడు.

ఇక తెలంగాణ సంగతి. ఇది చెబితే సెక్యులర్ మిత్రులు కూడా ఒక్క క్షణం ఆగిపోతారు. ఆ ఎన్నికలు జరిగింది బ్రిటిష్ ఇండియాలో. నిజాం రాజ్యం బ్రిటిష్ ఇండియా కాదు. హైదరాబాదు నుంచి ఆదిలాబాదు దాకా, నల్గొండ నుంచి ఔరంగాబాదు దాకా ఏ ముస్లింకీ, ఏ హిందువుకీ ఆ ఎన్నికల్లో ఓటు లేదు. నిజాం 1939లో ప్రకటించిన సంస్కరణల్లోనూ వయోజన ఓటు మాట లేదు. అంటే మాలో సగంమంది దాదాలు, నానాలు పాకిస్తాన్‌కి అనుకూలంగానూ వెయ్యలేదు, వ్యతిరేకంగానూ వెయ్యలేదు. బ్యాలెట్ పెట్టె మొహమే చూడలేదు.

ఓటున్నవాళ్ళ విషయానికి వద్దాం. మేం దాచిపెట్టం. వాళ్ళలో ఎక్కువమంది లీగుకే వేశారు. రాష్ట్రాల్లో పడిన ముస్లిం ఓట్లలో సుమారు నాలుగింట మూడొంతులు దానికే పడ్డాయి. ఓటు లేనివాళ్ళలో కూడా పచ్చజెండా చూసి ఊగిపోయినవాళ్ళు లేరని అనం. మిగిలిన నాలుగోవంతు ఎవరో ఎవరూ అడగరు. బీహారులో నేతపని చేసే అన్సారీల మోమిన్ కాన్ఫరెన్స్ లీగుని ఎదిరించి కొన్ని సీట్లు గెలిచింది. దాని నాయకుడు అబ్దుల్ ఖయ్యూం అన్సారీ తర్వాత అక్కడ మంత్రి అయ్యాడు. సింధులో అల్లాబక్ష్ సూమ్రో 1940 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఆజాద్ ముస్లిం కాన్ఫరెన్స్ పెట్టి విభజన వద్దన్నాడు. 1943లో ఆయన్ని చంపేశారు. నూటికి తొంభైమందికి పైగా ముస్లింలే ఉన్న వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో లీగు ఓడిపోయి, ఖాన్ సాహెబ్ కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పాటు చేశాడు. ఈ పేర్లు మా పిల్లల పాఠాల్లో లేవు. అష్రాఫుల రాజకీయమే ముస్లిం రాజకీయమని లీగు అంది. కాంగ్రెసూ లోలోపల అదే నమ్మింది.

పదేళ్ళు వెనక్కి పోతే ఇదే లీగు ఎంత? 1937 ఎన్నికల్లో 480కి పైగా ముస్లిం సీట్లుంటే దానికి దక్కింది 110 లోపే. పడిన ముస్లిం ఓట్లలో ఐదు శాతం కూడా రాలేదు. తొమ్మిదేళ్ళలో ఐదు శాతం డెబ్బై ఐదు ఎలా అయింది? ముస్లింలంతా రాత్రికి రాత్రి మతోన్మాదులైపోయారనుకుంటే ఆలోచించే పని తప్పుతుంది. 1937లో సంయుక్త రాష్ట్రాల్లో లీగు వాళ్ళు మంత్రివర్గంలో వాటా అడిగితే, మీ శాసనసభా పక్షాన్ని రద్దు చేసుకుని మాలో కలిసిపోండి అన్నది కాంగ్రెస్. అది తప్పని మౌలానా ఆజాదే తర్వాత రాసుకున్నారు. పొత్తంటే ఇద్దరూ మిగలాలి. ఒకడు ఇంకొకడిలో కరిగిపోతే అది పొత్తు కాదు. ఆ ఒక్క కారణమే అని మేం అనం. యుద్ధకాలంలో కాంగ్రెస్ నాయకులు జైళ్ళలో ఉంటే లీగుకి మైదానం ఖాళీ దొరికింది. తెల్లదొరలకీ అది కావలసి వచ్చింది. 1909 నుంచి ఉన్న ప్రత్యేక నియోజకవర్గాలు ఇంకో కారణం. ముస్లిం అభ్యర్థికి హిందువు ఓటు అక్కర్లేదు, హిందువు అభ్యర్థికి ముస్లిం గడప తొక్కే పని లేదు. ఎదుటివాణ్ణి తిట్టినా పోయేదేమీ లేని ఎన్నికలు అవి.

సరే, లీగుకి వేశారు. దేనికి వేశారు? పాకిస్తాన్‌కి అంటారు. ఆ పాకిస్తాన్ ఏమిటో అప్పటికి జిన్నా కూడా గీత గీసి చూపించలేదు. 1940 మార్చి లాహోర్ తీర్మానంలో పాకిస్తాన్ అనే మాటే లేదు. అందులో ఉన్నది "రాజ్యాలు" అనే బహువచనం. లక్నోలో, పాట్నాలో, మద్రాసులో ఓటేసిన ముస్లింకి తన ఊరు అందులో ఉండదని ఎవరు చెప్పారు? ఇక అసలు సంగతి. ఎన్నికలు 1946 వసంతానికి ముగిశాయి. మే 16న బ్రిటిష్ కేబినెట్ మిషన్ తన పథకం ప్రకటించింది. అందులో విడి రాజ్యంగా పాకిస్తాన్ కుదరదని తేల్చి చెప్పింది. ఒకే దేశం, కేంద్రానికి రక్షణ, విదేశాంగం, రవాణా-తంతి, మిగతా అధికారాలు రాష్ట్రాలకీ వాటి కూటములకీ. ఆ పథకాన్ని జూన్ 6న ముస్లింలీగ్ ఒప్పుకుంది! దేశాన్ని చీల్చడానికే ముస్లింలు తీర్పిచ్చారని మమ్మల్ని అంటారే, ఆ తీర్పు పుచ్చుకున్న పార్టీయే మూడు నెలలు తిరక్కుండా చీలకుండా ఉండే పథకానికి సంతకం పెట్టింది. కూటముల నుంచి మళ్ళీ బయటపడే దారి అందులో ఉందని లీగు లెక్క వేసుకుంది, నిజమే. అయినా ఒప్పుకుంది. జులై 10న బొంబాయిలో నెహ్రూ పత్రికలవాళ్ళతో మాట్లాడుతూ రాజ్యాంగసభలో మా ఇష్టం, మేం దేనికీ కట్టుబడి లేం అనే అర్థం వచ్చేలా చెప్పారు. జులై 29న లీగు తన ఒప్పుకోలు వెనక్కి తీసుకుని ప్రత్యక్ష చర్యకి పిలుపిచ్చింది. ఆగస్టు 16న కలకత్తా తగలబడింది. అప్పుడు అక్కడ ప్రధానమంత్రి లీగు మనిషి సుహ్రావర్దీ. ఆ నెత్తుటిలో లీగు చేతులు లేవని మేం ఎప్పుడూ అనం. నవాఖాలీలో హిందువులు చచ్చారు, బీహారులో ముస్లింలు చచ్చారు. నవాఖాలీ గుర్తున్నవాళ్ళకి బీహారు గుర్తుండదు. మాలో బీహారు గుర్తున్నవాళ్ళకి నవాఖాలీ గుర్తుండదు.

ఈ మంటల మధ్యే ఢిల్లీలో తాత్కాలిక ప్రభుత్వం. సెప్టెంబరు 2న నెహ్రూ నాయకత్వంలో మొదలైంది. అక్టోబరు 26న లీగు చేరింది. ఒకరినొకరు దింపడానికే ఒక బండి ఎక్కినట్టు ఉండేది ఆ సంసారం. కాంగ్రెస్ తన తరఫున ముస్లింని పెట్టకూడదని జిన్నా పట్టు. కాంగ్రెస్ అసఫ్ అలీని పెట్టింది. దానికి బదులుగా లీగు తన ఐదుగురిలో ఒకడిగా బెంగాల్ దళితుడు జోగేంద్రనాథ్ మండల్‌ని పెట్టింది. దళితుణ్ణి పావు చేశారని కొందరు, దళిత ముస్లిం ఐక్యత అని కొందరు ఇవాళ్టికీ వాదించుకుంటారు. ఆయన పాకిస్తాన్‌కి మొదటి న్యాయశాఖ మంత్రి అయ్యాడు. అక్కడి మైనారిటీల గతి చూసి 1950లో రాజీనామా చేసి తిరిగొచ్చేశాడు. మైనారిటీ వాడికి సరిహద్దుకి ఏ పక్కనైనా ఒకటే బతుకని ఆయనకంటే బాగా తెలిసినవాడు లేడు.

లీగు హోంశాఖ అడిగితే పటేల్ వదల్లేదు. ఆర్థికశాఖ ఇస్తే వాళ్ళకి చేతకాదు, కాదంటే నింద వాళ్ళదే అన్న లెక్కతో అది ఇచ్చారని ఆజాద్ రాశారు. లియాఖత్ అలీఖాన్ తీసుకున్నాడు. తర్వాత ఒక చప్రాసీని వేసుకోవాలన్నా పటేల్ లియాఖత్ అనుమతి కోసం చూడవలసి వచ్చిందని కూడా ఆయనే రాశారు. 1947 ఫిబ్రవరి 28న లియాఖత్ బడ్జెట్ పెట్టాడు. ఉప్పు పన్ను ఎత్తేశాడు. లక్ష రూపాయలు దాటిన వ్యాపార లాభాల మీద నూటికి ఇరవై ఐదు పన్ను వేశాడు. పన్నులు ఎగ్గొట్టినవాళ్ళ మీద విచారణ అన్నాడు. గాంధీ దండికి నడిచింది ఉప్పు కోసమే కదా. సోషలిజం గురించి నెహ్రూ చెప్పని సభ లేదు కదా. అయినా కాంగ్రెస్‌లో గగ్గోలు పుట్టింది, ఇది హిందూ షావుకార్లని దెబ్బ తియ్యడానికే అని. లియాఖత్ పేదల మీద ప్రేమతో చేశాడని మేం నమ్మం, ఆయన కర్నాల్ నవాబుల బిడ్డ. మా మాట వేరు. బీదవాడికి పనికొచ్చే పన్నుని కూడా మతం కళ్ళద్దాలతోనే చూశారు ఇద్దరూ. పన్ను వేసినవాడూ, ఏడ్చినవాడూ పెద్ద కులాల వాళ్ళే. ఉప్పు కొనుక్కునేవాడి మాట ఎవరూ ఎత్తలేదు.

పంజాబులో ఇంకో పొత్తు ప్రభుత్వం ఉండేది. 175 మంది సభలో లీగు పెద్ద పార్టీ, 70కి పైగా సీట్లు. దాన్ని పక్కన పెట్టి ఇరవైమంది చొప్పున ఉన్న యూనియనిస్టుల నాయకుడు ఖిజర్ హయాత్ కాంగ్రెస్‌తోనూ అకాలీలతోనూ కలిసి ఏడాది నడిపాడు. లీగు వీధుల్లోకొచ్చింది. మార్చి 2న ఖిజర్ దిగిపోయాడు. అదే నెలలో రావల్పిండి వైపు సిక్కు గ్రామాలు తగలబడ్డాయి. ఆ తర్వాత ఏ పొత్తూ నిలవలేదు. జూన్ 3న విభజన ప్రకటించారు. విభజన మీద ఈ దేశపు సామాన్య ముస్లింనీ అడగలేదు, సామాన్య హిందువునీ అడగలేదు. సరిహద్దు రాష్ట్రంలోనూ సిల్హెట్‌లోనూ రెఫరెండం పెట్టారు. అక్కడా అదే కురచ ఓటర్ల జాబితా.

మా తెలంగాణకి ఆ తర్వాత ఇంకో లెక్క వచ్చింది. 1948లో నిజాం, రజాకార్లు చేసిన పాపానికి పోలీస్ యాక్షన్ రోజుల్లో ఎవరు బలయ్యారు? నెహ్రూ పంపిన సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని రాసింది. ఆ నివేదిక దశాబ్దాల తరబడి జనం ముందుకు రాలేదు. రజాకార్లని ఎదిరించి రాసినందుకు చేతులు నరికించుకుని చచ్చిపోయిన ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్ కూడా మావాడే. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. కాసిం రజ్వీ కొన్నాళ్ళు జైల్లో ఉండి పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. ఊళ్ళల్లో మిగిలింది మావాళ్ళు.

ప్రత్యేక నియోజకవర్గాలు 1947 ఆగస్టులోనే రద్దయ్యాయి. మద్రాసు సభ్యుడు పోకర్ సాహెబ్ అవి కావాలని అడిగితే పటేల్ గద్దించారు. రద్దవడం మంచిదే. అయితే ఉమ్మడి ఓటుతో ముస్లింలకు కొన్ని సీట్లు ఉంచుతామన్న మాట కూడా 1949 మేలో పోయింది. బేగం ఐజాజ్ రసూల్ లాంటి పెద్దింటివాళ్ళు మాకు అక్కర్లేదన్నారు. అక్కర ఉన్న దూదేకులాయన్ని అక్కడా ఎవరూ అడగలేదు.

1951-52లో మొదటి సాధారణ ఎన్నికలొచ్చాయి. శిస్తు అడక్కుండా, చదువు అడక్కుండా జాబితా రాశారు. మా దాదాలు, దాదీలు మొట్టమొదటిసారి ఓటేశారు. దేశం చీలి అప్పటికి నాలుగేళ్ళు దాటింది. ఎవరైనా మళ్ళీ 1946 మాట ఎత్తితే మేం వాదానికి దిగం. ఆ ఏటి ఓటర్ల జాబితా తెచ్చి అందులో మా దాదా పేరు ఏ పేజీలో ఉందో చూపించమంటాం.